పాత స్పాట్‌ను చూసుకునే పద్ధతి: విజయనగరం బీఎంఎక్స్, స్కేట్ రైడర్లకు

లండన్ సౌత్‌బ్యాంక్ భవనాల అడుగున ఉన్న అండర్‌క్రాఫ్ట్‌లో 1973 నుంచి స్కేటింగ్ చేస్తున్నారు. 2013లో ఆ చోట దుకాణాలు పెట్టి, పక్కనున్న వంతెన కింద కొత్త పార్కు కట్టిస్తామంటే రైడర్లు ససేమిరా అన్నారు. 2014లో పాత చోటే నిలిచింది. అక్కడి వాలు గట్లు, స్తంభాల మధ్య ఎడం, నున్నటి నేల, వాన పడనివ్వని కప్పు ఏవీ స్కేటింగ్ కోసం కట్టినవి కావు. ట్రిక్కులు ఆ కొలతలకు అలవాటుపడి పుట్టాయి. కొలత మారిస్తే ఆ ట్రిక్కే ఉండదు.

అందుకే మన ఊళ్లో స్పాట్ (రైడింగ్‌కు పనికొచ్చే చోటు) దొరికితే ముందు టేపు పెట్టి కొలవండి. గట్టు 30–45 సెం.మీ. ఎత్తుంటే కొత్తవాళ్లకూ పనికొస్తుంది. మెట్లయితే దూకేముందు వేగం అందుకోడానికి 10–15 మీటర్ల జాగా కావాలి, దిగాక ఆగడానికీ చోటుండాలి. నేరుగా రోడ్డు మీదకు దించే మెట్లు ఎంత బాగున్నా వదిలేయండి.

కోట వైపు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సున్నపు గచ్చుతో కట్టిన పాత అంచుల మీద పెగ్గు (బీఎంఎక్స్ చక్రం ఇరుసుకు బిగించే గొట్టం) గానీ, ట్రక్కు (స్కేట్‌బోర్డు కింది ఇనుప ఇరుసు) గానీ ఆనించొద్దు. ఇనుప దెబ్బకు గచ్చు పెచ్చులూడుతుంది. దాన్ని సిమెంటుతో పూస్తే ఇంకా నష్టం: సిమెంటు తేమను లోపలే బిగబట్టి పక్క సున్నాన్నీ వదులు చేస్తుంది. గ్రైండ్‌లు (పెగ్గు, ట్రక్కు ఆనించి అంచు మీద జారడం) కాంక్రీటు గట్ల మీదే చెయ్యండి. ప్లాస్టిక్ పెగ్గులైతే గట్టు అంచు తక్కువ అరుగుతుంది, జారడానికి అంచుకు రాసే మైనం కూడా తక్కువ చాలు.

కాంక్రీటు నేలలో పగులుంటే 52 మి.మీ. గట్టి చక్రం ఠక్కున ఆగి మనిషిని ముందుకు విసిరేస్తుంది. ఆ జాగా ఎవరిదో వాళ్లనడిగాకే చెయ్యి వెయ్యండి. పగులును ఉలితో రెండు సెం.మీ. లోతుకు, అంచులు నిలువుగా ఉండేలా తెరవాలి. అంచు పల్చగా వదిలితే పూత అక్కడే లేచిపోతుంది. దుమ్మంతా ఊడ్చి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపి కూరి, నేలకు సమంగా చెక్కండి. ఏడు రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. మన ఎండకు ఆ పట్టా మధ్యాహ్నానికే ఆరిపోతుంది. రెండు పూటలా తడపకపోతే వారంలో బీటలిస్తుంది.

మైనం పల్చగా, గ్రైండ్ పట్టే అంచుకే రాయండి. నడిచేవాళ్ల మెట్ల మీద అసలొద్దు, జారిపడతారు. గరుకు తారు నేలకు 78ఏ మెత్తని స్కేట్ చక్రాలు, నున్నటి కాంక్రీటుకు 99ఏ గట్టివి (ఈ అంకె చక్రం గట్టిదనం).

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి, తొలేళ్ల నుంచే, మూడులాంతర్లు, కోట దరి జనానికి వదిలేయండి.

కొలతలు, ఫొటోలు, చేసిన మరమ్మతులు తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. ఆ చోటు తీసేస్తామని కబురొస్తే కార్పొరేషన్‌లో అర్జీతో జతచేయాల్సింది ఆ పుస్తకమే.