విమానంలో లగేజీకి అదనపు డబ్బు ఎందుకు పడుతుంది, పడకుండా ఏం చేయాలి

మొన్న వేసవిలో మా పిన్నిని విజయవాడ నుంచి ఢిల్లీ విమానం ఎక్కించడానికి గన్నవరం వెళ్ళాను. ఆవిడ సూట్‌కేస్ కాటా మీద పెడితే 21 కిలోలు చూపించింది. టికెట్‌లో ఉన్నది 15. మిగిలిన ఆరు కిలోలకు కట్టిన డబ్బుతో ఢిల్లీలో అంతకు రెట్టింపు ఆవకాయ కొనుక్కోవచ్చు. ఫోన్‌లో పిన్ని గొంతు వింటే బాధేసింది. కూతురి కోసం నెల రోజులు కష్టపడి పెట్టిన పచ్చళ్ళు అవి. కౌంటర్ దగ్గర అమ్మాయిని తప్పు పట్టడానికి లేదు, రూల్ అదే. తప్పు జరిగింది మా ఇంట్లో, టికెట్ కొన్న రోజున.

చౌక విమానాల లగేజీ ఖర్చులు చాలావరకు ఇలాగే వస్తాయి. కౌంటర్ దగ్గర బయటపడేది లక్షణం మాత్రమే. కారణం అంతకు ముందే, బుకింగ్‌లోనో, సర్దుకోవడంలోనో ఉంటుంది. ఒక్కో సమస్యనూ ఎదురయ్యే తీరులోనే చూద్దాం.

"మీ టికెట్‌లో చెకిన్ బ్యాగేజీ లేదండి" అన్నారు

కారణం: మన దేశంలో లోపలి ప్రయాణాలకు 15 కిలోల చెకిన్ (కౌంటర్ దగ్గర ఇచ్చేసేది), 7 కిలోల క్యాబిన్ (చేతిలో ఉంచుకునేది) లగేజీ అని అందరికీ అలవాటైపోయింది. కానీ చెకిన్ లగేజీ లేకుండా తక్కువ ధరకు టికెట్ అమ్ముకోవచ్చని 2021లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమాన సంస్థలకు అనుమతి ఇచ్చింది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఎక్స్‌ప్రెస్ లైట్ అనే టికెట్ అలాంటిదే, దాంట్లో చేతి బ్యాగు ఒక్కటే. టికెట్లు అమ్మే యాప్‌లలో ధర తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెడితే ముందు ఇవే కనిపిస్తాయి. కౌలాలంపూర్, బ్యాంకాక్ వెళ్ళేవాళ్ళు ఎయిర్ఏషియాలో కొనే మామూలు టికెట్‌కు కూడా చెకిన్ లగేజీ ఉండదు.

పరిష్కారం: డబ్బు కట్టే ముందు పేజీలో "చెకిన్" అన్న మాట పక్కన ఎంత అంకె ఉందో చూడండి. ఇప్పటికే కొనేసి ఉంటే ఈ-టికెట్ తెరిచి అదే చూడండి. సున్నా ఉంటే కంగారు పడొద్దు. విమాన సంస్థ సొంత యాప్‌లో పీఎన్‌ఆర్ కొట్టి 15 కిలోలో 20 కిలోలో ముందే కొనుక్కోండి. ఎయిర్‌పోర్టు ధర కన్నా ఇది బాగా తక్కువ పడుతుంది.

రెండు పక్కలా టికెట్ తీసుకున్నవాళ్ళకు ఇంకో మాట. వెళ్ళేటప్పటికి కొన్న అదనపు లగేజీ వచ్చేటప్పటికి వర్తించదు. రెండు ప్రయాణాలకూ విడివిడిగా చేర్చాలి. యాప్‌లో మొదటి ప్రయాణానికి చేర్చి "పూర్తయింది" అనుకుని బయటికి వచ్చేయడం చాలామందికి జరుగుతోంది.

తూకం ఎక్కువ వచ్చింది

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే సమస్య ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మొదటి కారణం సూట్‌కేస్ బరువే. గట్టి పెంకు ఉన్న పెద్ద ట్రాలీ ఖాళీగానే నాలుగైదు కిలోలు తూగుతుంది. 15 కిలోల టికెట్‌తో దాన్ని తీసుకెళ్తే మీ సామానుకు మిగిలేది పది కిలోలే. చక్రాలున్న చిన్న క్యాబిన్ ట్రాలీ కూడా రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది, అంటే ఏడులో దాదాపు సగం దానికే పోయింది. పచ్చళ్ళు, బియ్యం, స్వీట్లు మోసుకెళ్ళేవాళ్ళకు గుడ్డతో కుట్టిన డఫెల్ బ్యాగు మంచిది. అది ఒక కిలో లోపే ఉంటుంది. చక్రాలు లేకపోతే మోయడం కష్టమే, కానీ ఎయిర్‌పోర్టులో ట్రాలీ బండి ఉచితంగా ఇస్తారు.

రెండో కారణం అంచనా. "పదిహేను ఉంటుందిలే" అని చేత్తో ఎత్తి చూసి చెప్పే మాట ఎప్పుడూ తక్కువే చెబుతుంది. హుక్కుకు తగిలించి పైకి లేపే చిన్న డిజిటల్ కాటా కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఏడాదికి రెండుసార్లు విమానం ఎక్కే ఇంట్లో అది ఉండాల్సిందే. అది లేకపోతే మనిషి బరువు చూసుకునే మెషీన్ మీద మీరు ఒక్కరే నిలబడి ఒకసారి, బ్యాగు పట్టుకుని ఇంకోసారి చూసుకోండి. తేడాయే బ్యాగు బరువు. ఇంటి కాటాకూ ఎయిర్‌పోర్టు కాటాకూ కొంచెం తేడా రావచ్చు, కాబట్టి అరకిలో తక్కువే ఉంచుకోండి.

ఎక్కువ అవుతుందని ఇంట్లోనే తేలితే మూడు దారులున్నాయి. ఒకటి, అదనపు బరువు ముందే కొనడం. ఇండిగోలో 3, 5, 10, 15, 20, 30 కిలోల లెక్కన అమ్ముతారు. నాలుగు కిలోలు ఎక్కువైతే ఐదు కొనుక్కోవాలి. కౌంటర్ దగ్గరైతే ఎక్కువైన ప్రతి కిలోకూ విడిగా వసూలు చేస్తారు, ఆ ధర ముందు కొన్నదానికన్నా ఎక్కువే ఉంటుంది. రెండు, బరువైనవి విడిగా పంపేయడం. ఏపీఎస్ఆర్టీసీకి, టీజీఎస్ఆర్టీసీకి పార్సిల్ సర్వీసులు ఉన్నాయి. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బియ్యం బస్తా విమానంలో మోయడంలో అర్థం లేదు. మూడు, కుటుంబమంతా ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్లు తీసుకుని కౌంటర్‌కు కలిసి వెళ్ళడం. అప్పుడు సాధారణంగా అందరి తూకమూ కలిపి చూస్తారు, ఒకరి బ్యాగు 17 ఉండి ఇంకొకరిది 13 ఉంటే ఇబ్బంది రాదు. అన్న ఒక యాప్‌లో, వదిన ఇంకో యాప్‌లో విడివిడిగా టికెట్లు తీసుకుంటే ఈ వెసులుబాటు అడగడానికి లేదు.

విద్యార్థులకు కొన్ని సంస్థలు పది కిలోలు అదనంగా ఇస్తాయి. కానీ టికెట్ కొనేటప్పుడే "స్టూడెంట్" అన్నది ఎంచుకోవాలి, కాలేజీ గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. కౌంటర్ దగ్గర కార్డు ఒక్కటి చూపిస్తే ఇవ్వరు.

బరువు సరిపోయింది, అయినా డబ్బు అడిగారు

కారణం సంచుల లెక్క. దేశంలోపల ఇండిగోలో 15 కిలోలు అంటే ఒకే బ్యాగులో 15 కిలోలు. ఎనిమిది కిలోల సూట్‌కేస్, ఆరు కిలోల బంగినపల్లి మామిడిపళ్ళ పెట్టె తెస్తే మొత్తం 14 అయినా రెండోదానికి విడిగా రుసుము పడవచ్చు. మామిడి సీజన్‌లో ఎయిర్‌పోర్టులో గొడవలన్నీ దీని మీదే. పళ్ళను గుడ్డల మధ్య పెట్టి పెద్ద బ్యాగు ఒక్కదాంట్లోనే సర్దండి, లేదా రెండో సంచి ముందే యాప్‌లో కొనండి.

ఒక బ్యాగు ఎంత డబ్బు కట్టినా 32 కిలోలు దాటకూడదు. దాన్ని ఎత్తే మనుషుల నడుములు కాపాడటానికి పెట్టిన రూల్ అది. దాటితే అక్కడికక్కడే రెండుగా విడదీయమంటారు.

గేటు దగ్గర చేతి బ్యాగు ఆపేశారు

ఏడు కిలోలు అన్నది చాలా సంస్థల్లో ఒకటే అయినా, ఆ ఏడులో ఏమేం కలుస్తాయన్నది మారుతుంది. ఇండిగోలో 7 కిలోల బ్యాగుతో పాటు చిన్న ల్యాప్‌టాప్ బ్యాగో హ్యాండ్‌బ్యాగో 3 కిలోల లోపు విడిగా తీసుకెళ్ళవచ్చు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ల్యాప్‌టాప్ బ్యాగు కూడా ఆ ఏడు కిలోల లెక్కలోకే వస్తుంది. ఒక సంస్థలో వెళ్ళి ఇంకో సంస్థలో తిరిగి వచ్చేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. రెండింటిలో కఠినంగా ఉన్నదాన్ని బట్టి సర్దుకోండి.

యూరప్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు ఇది ఇంకో రూపంలో వస్తుంది. అక్కడి చౌక విమానాల్లో బరువు కన్నా కొలత ముఖ్యం. ఈజీజెట్‌లో ఉచితంగా తీసుకెళ్ళే బ్యాగు చక్రాలతో, పిడితో కలిపి 45, 36, 20 సెంటీమీటర్లు దాటకూడదు. సీటు కింద పట్టాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న క్యాబిన్ ట్రాలీ అందులో పట్టదు, గేటు దగ్గర కట్టే డబ్బు ఒక్కోసారి టికెట్ ధరను మించుతుంది. డబ్లిన్ నుంచో బెర్లిన్ నుంచో రెండు రోజుల ట్రిప్‌కు కాలేజీ బ్యాక్‌ప్యాక్ చాలు. ట్రాలీ తప్పదనుకుంటే టికెట్‌తో పాటే కొనేయండి.

అమెరికా నుంచి తెచ్చిన లగేజీ హైదరాబాద్‌లో అడ్డం పడింది

అమెరికా నుంచి వచ్చేవాళ్ళకు చాలా టికెట్లలో 23 కిలోల పెట్టెలు రెండు ఉంటాయి. శంషాబాద్‌లో దిగి, విడిగా కొన్న చౌక టికెట్ మీద విశాఖకో తిరుపతికో వెళ్ళాలంటే ఆ రెండో విమానానికి మీరు 15 కిలోల ప్రయాణికులే. 46 కిలోల్లో 31 అదనం. గల్ఫ్ నుంచి 30 కిలోలతో వచ్చే అన్నదమ్ములకూ ఇదే బాధ, రెండేళ్ళ తర్వాత ఇంటికి వస్తున్నవాళ్ళకు చివరి గంట ప్రయాణంలో ఈ దెబ్బ తగలడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

వీలైతే ఊరి దాకా ఒకే పీఎన్‌ఆర్‌లో టికెట్ తీసుకోండి, అప్పుడు మొదటి విమానం లగేజీ లెక్కే చివరి దాకా సాగే అవకాశం ఎక్కువ. అయినా ఈ-టికెట్‌లో రెండో విమానం పక్కన ఎన్ని కిలోలు రాశారో చూసుకోండి. విడిగానే కొనాల్సి వస్తే, అంతర్జాతీయ టికెట్ చూపించేవాళ్ళకు తక్కువ ధరకు అదనపు లగేజీ ఇచ్చే పద్ధతి కొన్ని సంస్థల్లో ఉంది, బుకింగ్ సమయంలోనే అడగండి. విజయవాడ, ఖమ్మం, కరీంనగర్ వైపు వాళ్ళకైతే కారో బస్సో నయం. ఖర్చూ తక్కువే, పెట్టెలూ కళ్ళ ముందే ఉంటాయి.

బ్యాగు వేసేశాక వెనక్కి పిలిచారు

పవర్‌బ్యాంక్ చెకిన్ బ్యాగులో ఉంటే స్కానింగ్‌లో పట్టుకుంటారు. అది చేతి బ్యాగులోనే ఉండాలి, మామూలుగా 100 వాట్ అవర్ల లోపు, అంటే దాదాపు 27,000 ఎంఏహెచ్ దాకా. ఎండు కొబ్బరికి నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది. అందుకే 2022 నుంచి చెకిన్‌లో ఒప్పుకోవడం లేదు. పూజ సామాను సర్దేటప్పుడు కొబ్బరి కురిడీ చెకిన్ బ్యాగులోకి వెళ్ళిపోతుంది, చూసుకోండి. నూనె తేలే పచ్చడి, నెయ్యి దీనికి తలకిందులు, వాటిని చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో ఆపుతారు. చెకిన్‌లో వేయాలి, సీసాలో కాకుండా మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో, పైన రెండు కవర్లు చుట్టి.

ఇవి చివరి నిమిషంలో అటూ ఇటూ మారిస్తే 7 కిలోల లెక్కో, 15 కిలోల లెక్కో తప్పి మళ్ళీ రుసుము దగ్గరికే వస్తాం. అందుకే తూకం వేసే ముందే ఏది ఎందులో అన్నది తేల్చుకోండి.

కడప, రాజమండ్రి లాంటి చోట్లకు తిరిగే చిన్న ఏటీఆర్ విమానాల్లో పైన అరలు చిన్నవి. మెట్ల దగ్గర చేతి ట్రాలీ తీసుకుని కింద వేస్తారు. దీనికి డబ్బు తీసుకోరు. కానీ ఇచ్చే ముందు పవర్‌బ్యాంక్, బంగారం, మందులు, కాగితాలు తీసి దగ్గర పెట్టుకోండి.

కౌంటర్ ముందు నిలబడ్డాక తెలిసింది, ఇప్పుడెలా?

వెంటనే కార్డు తీయకండి. "ఒక్క నిమిషం, సర్దుకుని వస్తాను" అని లైన్‌లోంచి పక్కకు రండి, ఎవరూ కాదనరు. చేతి బ్యాగు ఏడు కిలోలు నిండకపోతే పుస్తకాలు, ఛార్జర్లు, చీరలు అందులోకి మార్చండి. మందపాటి జాకెట్, బరువైన బూట్లు వేసుకోండి. అదే సమయంలో ఫోన్‌లో యాప్ తెరిచి అదనపు లగేజీ కొనే వీలు ఇంకా ఉందేమో చూడండి, బయలుదేరడానికి కొంత సమయం ముందు అది మూసేస్తారు. ఇంతకుముందు కొని ఉండి కౌంటర్ వాళ్ళకు కనిపించకపోతే డబ్బు కట్టిన రసీదు కాక, లగేజీ చేర్చాక మెయిల్‌కు వచ్చిన కొత్త టికెట్ చూపించండి. బ్యాంకులో డబ్బు పోయి టికెట్‌లో చేరకపోవడం ఉంటుంది, కాబట్టి కొన్న రోజే చూసుకోవాలి.

ఇంకా మిగిలితే బయట మనవాళ్ళకు ఇచ్చేయడమే. కానీ లోపలికి వెళ్ళాక మళ్ళీ బయటికి రావడానికి గేటు దగ్గర అడగాలి, సమయం పడుతుంది. దింపడానికి వచ్చినవాళ్ళతో ముందే చెప్పండి: బ్యాగుకు ట్యాగ్ వేశారని నేను ఫోన్ చేసేదాకా కారు కదిలించొద్దు అని. మా పిన్నిని దింపిన రోజున నేను అరగంట ముందే అక్కణ్ణుంచి వచ్చేశాను. లేకపోతే రెండు డబ్బాలు ఇంటికి తెచ్చి మర్నాడు కొరియర్ చేసేవాణ్ణి.