రంగులరాట్నం గుర్రం బాగుచేద్దాం – 3: పాత రంగుల్లోకి కిటికీ

గత పాఠంలో గుర్రాన్ని అన్ని వైపులా ఫొటోలు తీసి, వదులైన ముక్కలకు గుర్తులు పెట్టుకున్నాం. ఇక్కడ చాలామంది నేరుగా పెయింట్ రిమూవర్ అందుకుంటారు. దయచేసి ఆగండి. రాట్నాలు నడిపేవాళ్లు ఏళ్ల తరబడి రంగు మీద రంగు వేస్తూ పోయారు. వాటన్నిటికీ అడుగున, కార్ఖానాలో వేసిన మొదటి రంగు ఇంకా ఉండొచ్చు. రిమూవర్ పూస్తే అదీ పోతుంది. పోయిన రంగును ఎంత మంచి చిత్రకారుడూ తిరిగి తేలేడు.

ముందు జాగ్రత్త సంగతి. అమెరికాలో ఇళ్ల రంగుల్లో విషపూరితమైన సీసాన్ని (లెడ్) నిషేధించింది 1978లో. అక్కడి చెక్క గుర్రాలు చాలావరకు అంతకు ఎన్నో ఏళ్ల ముందువి. కాబట్టి ప్రతి పాత పొరలోనూ సీసం ఉందనే అనుకోండి. పొడిగా శాండ్ పేపర్ రుద్దొద్దు, హీట్ గన్ వాడొద్దు. సీసం ధూళిని ఆపే మాస్కు తప్పనిసరి. పిల్లలను, గర్భిణులను ఆ గదిలోకి రానివ్వకండి.

ఇప్పుడు కిటికీ తెరుద్దాం, అంటే ఒక చిన్న చోట రంగు గీకి కింది పొరలన్నీ కనిపించేలా చేద్దాం. ఎండ, కాళ్ల రాపిడి తగలని చోటు వెతకండి: జీను అంచు కింద, దవడ అడుగున, జూలు పాయల మధ్య లోతులో. బొటనవేలి గోరంత చోటు చాలు. నీళ్లు కొద్దిగా చిలకరించి, సర్జికల్ బ్లేడును దాదాపు పడుకోబెట్టి, ఒక్కో పొరనే గీకండి. కింది పొరకు దిగిన ప్రతిసారీ పై పొరను రెండు మూడు మిల్లీమీటర్ల అంచుగా వదిలేయండి. చెక్క కనిపించేసరికి పొరలన్నీ వలయాలుగా మిగులుతాయి. భూతద్దంతో చూస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. హడావిడి మాత్రం పనికిరాదు.

ఏ పక్క తెరవాలి? అమెరికా రాట్నాలు పైనుంచి చూస్తే అపసవ్య దిశలో (గడియారం ముళ్లకు ఎదురుగా) తిరుగుతాయి, అందుకే జనానికి కనిపించేది గుర్రం కుడి పక్క. ఇంగ్లండ్ రాట్నాలు సవ్యంగా తిరుగుతాయి, అక్కడ ఎడమ పక్క. శిల్పులు పనితనమంతా ఆ వైపే పెట్టారు. ఒంటికి, జీనుకు, కళ్లేనికి, జూలుకు వేర్వేరు కిటికీలు కావాలి. న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్ శిల్పి ఇలియన్స్ గుర్రాల జూలుకు బంగారు రేకు అతికించేవారు. అలాంటి జూలు మీద మందపాటి గోధుమరంగు కనిపిస్తే, దాని కింద మెరుపు ఉందేమో చూడాల్సిందే.

పొరలు చదివేటప్పుడు రెండు చోట్ల మోసపోతాం. చెక్కను అంటుకుని ఉన్న తెల్ల పొర సాధారణంగా ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), అది గుర్రం రంగు కాదు. రెండోది, పాత వార్నిష్ పసుపెక్కుతుంది. దాని కింద నీలం ఆకుపచ్చలా, తెలుపు మీగడరంగులా కనిపిస్తుంది. అందుకే వార్నిష్ తీసిన చోటే, పగటి వెలుతురులో రంగు కలిపి నమూనా చీటీ మీద పూసి, పక్కన పెట్టి పోల్చండి.

మొదటి రంగు చాలాచోట్ల గట్టిగా నిలిచి ఉంటే దాన్ని తీయొద్దు. శుభ్రం చేసి అలాగే ఉంచడం ఉత్తమం. మళ్లీ రంగు వేయాల్సిందే అయితే, తర్వాత తీసేయడానికి వీలయ్యే వార్నిష్‌ను మధ్య పొరగా పూసి, కొత్త రంగు దాని మీద వేయండి.

వచ్చే పాఠంలో, వదులైన కాళ్ల అతుకులు విప్పి మళ్లీ జిగురు పెట్టడం.