వీధి స్కేట్‌బోర్డింగ్ – 7వ పాఠం: గట్టు మీద గ్రైండ్, ఆపైన లైన్

కదులుతున్న బోర్డు మీద ఆలీ (చేతులు వాడకుండా బోర్డుతో సహా ఎగరడం) కొట్టడం ఈపాటికి వచ్చి ఉండాలి. పడుకోబెట్టిన రెండు ఇటుకల ఎత్తు, అంటే సుమారు 15 సెంటీమీటర్లు, తాకకుండా దాటలేకపోతుంటే ఇంకో వారం 6వ పాఠంలోనే ఉండండి. తొందరపడితే ముందు ట్రక్కు (చక్రాలను బోర్డుకు బిగించే లోహపు ఇరుసు) రాతి అంచుకు కొట్టుకుని బోర్డు అక్కడే ఆగిపోతుంది, మీరు మాత్రం ముందుకెళ్లి పడతారు.

బెంగళూరు వీధుల్లో మనకు ఎక్కువగా దొరికేది గ్రానైటు. పాలిష్ పట్టిన రాయి అయితే ట్రక్కు కొద్దిపాటి మైనంతోనే జారుతుంది. ఉలితో చెక్కి వదిలేసిన బెంచీ అయితే ఆకురాయిలా పట్టేస్తుంది. ఎక్కేముందు అరచేత్తో అంచు పొడవునా తడిమి చూడండి. రెండు పలకలు కలిసేచోట గోరు తగిలేంత మెట్టు ఉన్నా ట్రక్కు అక్కడే ఇరుక్కుంటుంది, కాబట్టి ఆ అతుకు దాటాకే ఎక్కాలి. మామూలు తెల్ల కొవ్వొత్తి చాలు. అంచు పైవైపు రెండు వేళ్ల వెడల్పు, పక్కవైపు రెండు వేళ్ల వెడల్పు, ఒక బారు పొడవున రుద్దండి. మొదటిసారి పలచగానే. ఎక్కువైతే బోర్డు కాళ్ల కింద నుంచి ఒక్కసారిగా జారిపోతుంది, వీపు నేలకు తగులుతుంది.

ఇప్పుడు ఫిఫ్టీ-ఫిఫ్టీ, అంటే రెండు ట్రక్కులూ అంచు మీద ఆనించి జారే గ్రైండ్. గట్టు ఛాతీకి ఎదురుగా ఉండేలా వెళ్తే అది ఫ్రంట్‌సైడ్, వెన్నువైపు ఉంటే బ్యాక్‌సైడ్. ముందు ఫ్రంట్‌సైడే నేర్చుకుందాం. గట్టుకు దాదాపు సమాంతరంగా, కొంచెం ఏటవాలుగా రండి. చూపు గట్టు మొదట్లో కాదు, చివర ఉండాలి. ఆలీ కొట్టి రెండు ట్రక్కులూ ఒకేసారి అంచు మీద దించండి. వేళ్లవైపు చక్రాలు రాయి మీద కూర్చుంటాయి, మడమలవైపువి బయట వేలాడతాయి. చాలామంది ఇక్కడే పడతారు: బోర్డు ఎక్కుతుంది, ఒళ్లు ఎక్కదు. భుజాలు గట్టు పైకి రాకపోతే బరువు మడమల మీదే ఉండిపోయి వెనక్కి లాగేస్తుంది. దూకేటప్పుడే నడుము గట్టువైపు తీసుకెళ్లండి. చివరకు వచ్చాక తోక (బోర్డు వెనక కొస) మీద కొద్దిగా బరువేసి ముందు చక్రాలు లేపండి, నాలుగు చక్రాలూ ఒకేసారి దిగాలి. అలా లేపకపోతే బోర్డు ముక్కు కిందికి గుచ్చుకుంటుంది.

ఇదొక్కటే వస్తే ప్రొఫెషనల్ కాలేరు. స్పాన్సర్లు చూసేది లైన్: మధ్యలో ఆపకుండా, ఒకే షాట్‌లో వరుసగా మూడు ట్రిక్కులు. ఒక్కో ట్రిక్కు 10కి 7 సార్లు సరిగ్గా కుదురుతుంటే మూడూ వరుసగా కుదిరే అవకాశం సుమారు 34 శాతం. 10కి 5 సార్లే అయితే 12.5 శాతం, అంటే ఎనిమిది ప్రయత్నాలకు ఒకటి. అందుకే కొత్త ట్రిక్కు కన్నా ఉన్న ట్రిక్కును 10కి 7కి తేవడమే ముందు పని. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ హోరిగోమె యూటోకు ఆఖరి ట్రిక్కులో 100కి 97.08 వచ్చిందని అందరూ చెప్పుకుంటారు. కానీ స్వర్ణం తెచ్చిన మొత్తం 281.14, అందులో 89.90 అతని 45 సెకన్ల రన్‌దే. ఆ రన్ అంటే పెద్ద లైనే.

మీ మొదటి లైన్: చదును నేల మీద కిక్‌ఫ్లిప్ (ఆలీలోనే బోర్డును పాదాల కింద ఒక చుట్టు తిప్పడం), కాలితో రెండు తోపులు, ఫిఫ్టీ-ఫిఫ్టీ, చివర మూడు మెట్ల మీంచి ఆలీ. చేయి నేలకు తాకితే అది లెక్కలోకి రాదు, మళ్లీ మొదటినుంచి. ఫోను అడ్డంగా, మోకాలి ఎత్తులో పట్టుకోమనండి. చక్రాలు, గట్టు రెండూ కనిపించాలి. దిగాక ఇంకో రెండు సెకన్లు తీయనివ్వండి. తడబడకుండా దొర్లుకుంటూ వెళ్లారా లేదా అన్నది చూసేవాళ్లు అక్కడే కనిపెడతారు.

ఆదివారం ఉదయం 6 నుంచి 8 మంచి వేళ. సెక్యూరిటీ అన్న వద్దంటే వాదించకుండా బోర్డు చేత్తో పట్టుకుని వచ్చేయండి; మన వీడియో కోసం ఆయన ఉద్యోగం పోకూడదు. సాయంత్రం వాన పడ్డ నేల మీద ఎక్కకండి. బేరింగుల్లో నీళ్లు చేరితే మర్నాటికి తుప్పు మొదలవుతుంది. ఒకవేళ తడిస్తే అదే రాత్రి విప్పి, తుడిచి, ఆరబెట్టి, ఒక్కో దానిలో ఒక్క చుక్క నూనె వేయండి.

వచ్చే పాఠానికి: ఫిఫ్టీ-ఫిఫ్టీ రోజుకు 30 సార్లు, కుదిరినవీ కుదరనివీ నోట్‌బుక్‌లో రాసుకోండి. ప్రొఫెషనల్ అయ్యే మెట్లు ఇవి: దుకాణం స్పాన్సర్, ఫ్లో (కంపెనీ ఉచితంగా సామాను పంపే దశ), అమెచ్యూర్, ఆపై మీ పేరున్న డెక్ (బోర్డు చెక్క). ఆ మెట్లలో మొదటిదానికి రెండు నిమిషాల వీడియో ఎలా కూర్చాలో 8వ పాఠంలో.