శుభలేఖ మ్యాటర్ రాయించేటప్పుడు ముహూర్తం లైను దగ్గర కాస్త ఆగండి

పెళ్లి కుదరగానే అందరూ కార్డు డిజైను మీద పడతారు. రంగు, బంగారు అంచు, వినాయకుడి బొమ్మ ప్రెస్ వాళ్లు చూసుకుంటారు. మీరు కూర్చుని చూసుకోవాల్సింది మ్యాటర్, అందులోనూ ముహూర్తం లైను.

మన పెళ్లి ముహూర్తాల్లో చాలా అర్ధరాత్రి దాటాక పడుతుంటాయి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఫోనులో క్యాలెండరేమో రాత్రి 12కే తేదీ మార్చేస్తుంది. శనివారం రాత్రి 2.37కి ముహూర్తమైతే పంతులుగారికి అది ఇంకా శనివారమే, ఫోనుకి ఆదివారం. కార్డులో ఉత్త 'ఆదివారం 2.37' అని వేస్తే ఆ మధ్యాహ్నం భోజనాల వేళకు దిగేవాళ్లుంటారు, ఆ తేదీ చూసే విమానం టికెట్ తీసుకునే అమెరికా చుట్టాలూ ఉంటారు. అందుకే పెద్దలు 'శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం' అని రాయించేవారు. పాతకాలం మాటని తీసేయకండి. పక్కనే రెండు తేదీలూ వేయించి, విందు శనివారం రాత్రి ఎన్నింటి నుంచో విడిగా రాయించండి, చాలామంది వచ్చేది ఆ టైముకే.

సంవత్సరం పేరు ఉగాదికి మారుతుంది, జనవరికి కాదు. 2026 ఫిబ్రవరిలో పెళ్లయితే విశ్వావసు నామ సంవత్సరమే, మార్చి 19 ఉగాది నుంచి పరాభవ. పాత కార్డు చూసి ఎక్కించొద్దు. మాసం, శుద్ధమా బహుళమా, తిథి, నక్షత్రం, లగ్నం అన్నీ లగ్నపత్రికలోంచే తీసుకోండి.

'జానక్యాః కమలామలాంజలి పుటే' శ్లోకం వేయిస్తుంటే అర్థం కూడా తెలుసుకోండి. తలంబ్రాల ముత్యాలు సీతమ్మ దోసిట్లో కెంపుల్లా, రాముడి తల మీద మొల్లపూలలా, ఆయన నల్లని ఒంటి మీదకి జారుతుంటే నీలాల్లా కనిపించాయట! ఇంత అందమైన శ్లోకాన్ని ఒత్తులు ఊడగొట్టి అచ్చేస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చాలా ప్రెస్సుల్లో 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లు వాడతారు, మీరు వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో వాడే మామూలు తెలుగులో ఉంటుంది. దాన్ని అందులోకి మార్చేటప్పుడే ఒత్తులు చెదిరిపోతాయి, కాబట్టి ప్రూఫు కాగితం మీద తీయించుకుని తెలుగు బాగా వచ్చిన పెద్దవాళ్లతో పైకి చదివించండి.

పేర్ల ముందు వరుడికి చి., వధువుకి చి.ల.సౌ. మామూలే. తాతయ్య, నాయనమ్మల పేర్లు మాత్రం చోటు లేదని తీసేయకండి.

అచ్చయ్యాక నాలుగు మూలలా పసుపు రాసి, మొదటిది దేవుడి దగ్గర పెట్టాలి. తిరుమల శ్రీవారికి పోస్టు చేసేవాళ్లూ ఉన్నారు, దేవస్థానం నుంచి అక్షింతలు, కుంకుమ వస్తాయి.

ఇక పిలుపులు. గ్రూపులో పడేసిన కార్డు చూసి ఎవరూ 'మమ్మల్ని పిలిచారు' అనుకోరు. మేనమామలు, మేనత్తలు, ఆడపడుచుల ఇళ్లకి వెళ్లి బొట్టు పెట్టి పిలవండి, దూరంలో ఉన్నవాళ్లకి ముందు ఫోను చేసి ఇంట్లో అందరినీ పేరుపేరునా పిలిచి, ఆ తర్వాతే వాట్సాప్‌లో కార్డు పెట్టండి.