ఇంట్లోనే లేజర్ డయోడ్ డ్రైవర్ తయారు చేసి పరీక్షించడం ఎలా?

ఎల్‌ఈడీకి పెట్టినట్టే బ్యాటరీకి ఒక రెసిస్టర్ తగిలిస్తే లేజర్ డయోడ్ కూడా వెలుగుతుంది, కానీ ఎన్నాళ్లు వెలుగుతుందో చెప్పలేం. కరెంట్ హద్దు దాటి సెకనులో పది లక్షలవ వంతు సేపు ఉన్నా చాలు, లోపల అద్దంలా పనిచేసే అంచు పాడైపోతుంది, పైకి చూస్తే మాత్రం డయోడ్ కొత్తదానిలాగే ఉంటుంది. అందుకే ముందు డ్రైవర్, అంటే కరెంట్‌ను హద్దులో ఉంచే సర్క్యూట్ కట్టండి, దాన్ని డమ్మీ లోడ్‌తో, అంటే లేజర్ డయోడ్ స్థానంలో పెట్టే మామూలు భాగాలతో పరీక్షించండి, కొలతల మీద నమ్మకం కుదిరాకే డయోడ్ ప్యాకెట్ విప్పండి.

మొదటిసారి చేసేవాళ్లు 650 నానోమీటర్ల ఎర్ర డయోడ్, అదీ 5 మిల్లీవాట్లు దాటనిదే తీసుకోండి. పాత డీవీడీ రైటర్లలోంచి పీకిన డయోడ్‌లు వద్దు, వాటి వెలుగు గోడ మీంచి తిరిగొచ్చినా కంటికి ప్రమాదమే. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ రకాలైతే అసలే వద్దు. 5 మిల్లీవాట్లది కూడా నేరుగా కంట్లో పడకూడదు, కాబట్టి బల్ల మీద స్టీలు గ్లాసు, అద్దం, వాచీ లాంటివి తీసేయండి, పిల్లల్ని గదిలోకి రానివ్వకండి. మేడ మీదికెక్కి ఆకాశంలోకి కొట్టి చూడాలన్న సరదా కూడా పెట్టుకోవద్దు, మన కర్నూలుకు 2021 నుంచి ఓర్వకల్లులో విమానాశ్రయం ఉంది, ఆ వెలుగు పైలట్ కళ్లలో పడితే ప్రమాదం.

కావాల్సినవి కొన్నే: ఎల్‌ఎం317 వోల్టేజ్ రెగ్యులేటర్ ఐసీ, 33 ఓమ్‌ల రెసిస్టర్, 100 ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి ఓమ్‌లు మార్చుకునే రెసిస్టర్), 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్, నాలుగు 1ఎన్4007 డయోడ్‌లు, 1 ఓమ్ రెసిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ, చిన్న బోర్డు, మల్టీమీటర్. అడాప్టర్ బదులు బ్యాటరీ ఎందుకంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చౌక అడాప్టర్లు ఒక దెబ్బ వదులుతాయి, ఆ దెబ్బ నేరుగా డయోడ్ దాకా వెళ్తుంది.

ఎల్‌ఎం317 పేరున్న వైపు మీకు కనిపించేలా పట్టుకుంటే ఎడమ నుంచి అడ్జస్ట్, అవుట్, ఇన్ కాళ్లు. వెనక రేకు అవుట్‌కే కలిసి ఉంటుంది, అది వేరే దేనికీ తగలకూడదు. బ్యాటరీ ప్లస్ ఇన్‌కు ఇవ్వండి. అవుట్ నుంచి 33 ఓమ్‌ల రెసిస్టర్, దానికి వరుసగా ప్రీసెట్, ఆ ప్రీసెట్ రెండో చివర అడ్జస్ట్ కాలికి. మన అవుట్‌పుట్ ప్లస్ ఈ అడ్జస్ట్ కాలి దగ్గరే, మైనస్ బ్యాటరీ మైనస్సే. ఈ ఐసీ అవుట్‌కీ అడ్జస్ట్‌కీ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు నిలబెడుతుంది, ఆ 1.25ను మధ్యలో ఉన్న ఓమ్‌లతో భాగిస్తే వచ్చేదే కరెంట్. ప్రీసెట్ మొత్తం తిప్పేసినా 33 ఓమ్‌లు మిగులుతాయి కాబట్టి 38 మిల్లీఆంప్‌లు దాటదు, మరో చివర 9కి పడిపోతుంది. మీ డయోడ్ డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో) గరిష్ఠం 30 మిల్లీఆంప్‌లు అని ఉంటే 33 బదులు 47 ఓమ్‌లు వేయండి, 27 దగ్గర ఆగుతుంది. ఈ పద్ధతి నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది, ప్రీసెట్ లోపల కాంటాక్ట్ ఊడితే కరెంట్ పెరగదు, దాదాపు సున్నా అవుతుంది.

అవుట్‌పుట్ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య రెండు కెపాసిటర్లు, వాటి పక్కనే ఒక 1ఎన్4007 తలకిందులుగా, అంటే గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా వేయండి. బ్యాటరీ పొరపాటున తిప్పి పెట్టినా లేజర్ డయోడ్‌ను అది కాపాడుతుంది.

ఇప్పుడు డమ్మీ లోడ్. మిగిలిన మూడు 1ఎన్4007లను ఒకే దిశలో వరుసగా అతికితే దాదాపు 2.2 వోల్టులు పడతాయి, ఎర్ర లేజర్ డయోడ్ మీద పడేది కూడా ఇంచుమించు అంతే. చివర 1 ఓమ్ రెసిస్టర్ కలిపి, ఈ వరుసను గీతలు మైనస్ వైపు ఉండేలా అవుట్‌పుట్ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య పెట్టి, మీటర్‌ను 200 మిల్లీవోల్టుల రేంజ్‌లో దాని రెండు కాళ్ల మధ్య పెట్టండి. ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తే అన్ని మిల్లీఆంప్‌లు. ప్రీసెట్ మెల్లగా తిప్పుతూ అంకె సాఫీగా ఎక్కి దిగుతోందా చూడండి, మధ్యలో ఎగిరితే ప్రీసెట్ మార్చేయండి. వైర్లు కదపండి, బోర్డును వేలితో తట్టండి, పదిసార్లు ఆపి వేయండి. అంత చిన్న దెబ్బలు మల్టీమీటర్‌కు కనపడవు, కాలేజీ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ (క్షణక్షణం వోల్టేజీని తెర మీద గీసి చూపే పరికరం) దొరికే వీలుంటే బ్యాటరీ కలిపిన క్షణం తప్పక చూడండి.

అన్నీ బాగుంటే ప్రీసెట్‌ను కరెంట్ తగ్గే వైపుకు చివరిదాకా తిప్పి, బ్యాటరీ తీసేసి, అవుట్‌పుట్ రెండు చివరలనూ సన్నటి తీగతో కలిపేయండి. డమ్మీ లోడ్ లేకుండా సర్క్యూట్ ఆన్‌లో ఉంటే కెపాసిటర్ ఏడు వోల్టుల దాకా నిండుతుంది, ఆ స్థితిలో డయోడ్ తాకించారంటే అక్కడికక్కడే అయిపోతుంది. మూడు కాళ్ల డయోడ్ అయితే ఏ కాలు ఏదో డేటాషీట్‌లోనే చూడండి, కంపెనీని బట్టి మారుతుంది. తీగ అలాగే ఉంచి, డమ్మీ లోడ్‌లోని మూడు 1ఎన్4007లను తీసేసి, వాటి చోట 1 ఓమ్ రెసిస్టర్‌తో వరుసగా లేజర్ డయోడ్‌ను సోల్డర్ చేసి, ఆ తర్వాత తీగ తీయండి. కనెక్టర్ పెట్టకండి, వదులైతే ప్రమాదం. మన దగ్గర గాలి పొడి, చలికాలంలో పాలిస్టర్ చొక్కా విప్పితే చిటపటలాడుతుంది కదా, ఆ స్టాటిక్ కూడా డయోడ్‌ను చంపుతుంది. నూలు బట్టలు వేసుకుని, ముందు కిటికీ ఇనుప ఊచ పట్టుకుని, అప్పుడు డయోడ్ ముట్టుకోండి.

బ్యాటరీ పెట్టి, సున్నం కొట్టిన గోడ వైపు తిప్పి, ప్రీసెట్‌తో కరెంట్ మెల్లగా పెంచండి. మొదట మసక ఎరుపు, ఎల్‌ఈడీ లాగే. 20 మిల్లీఆంప్‌ల దగ్గరో, ఇంకాస్త పైనో ఒక్కసారిగా వెలుగు పెరిగి, ఆ చుక్కలో ఇసుక రేణువులు మెరిసినట్టు కనిపిస్తుంది, మీ తల కదిపితే ఆ రేణువులూ కదులుతాయి. లేజర్ మొదలైందంటే అదే గుర్తు. అక్కణ్నుంచి డేటాషీట్‌లో చెప్పిన కరెంట్‌కు ఒకటి రెండు మిల్లీఆంప్‌లు తక్కువలోనే ఆగండి.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోవద్దు. మే నెల మధ్యాహ్నం మా మేడ మీది గదిలో వెలుగు తగ్గిందని నేను ప్రీసెట్‌తో కరెంట్ పెంచాను. వేడిలో లేజర్ మొదలవడానికే ఎక్కువ కరెంట్ కావాలి, అందుకే తగ్గింది, డయోడ్ తప్పు కాదు. అదే సెట్టింగ్‌తో డిసెంబరు తెల్లవారుజామున వేస్తే వెలుగు హద్దు దాటింది, కొన్ని రోజులకే ఆ రేణువుల మెరుపు పోయి మసక ఎరుపు మిగిలింది, కరెంట్ మాత్రం మీటర్‌లో సరిగ్గానే ఉంది. కాబట్టి చల్లటి పూటే సెట్ చేయండి, ఎంత కరెంట్‌కు పెట్టారో బోర్డు వెనక మార్కర్‌తో రాసి, ప్రీసెట్ మర మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసేయండి, ఎండాకాలం వచ్చాక చెయ్యి ఊరుకోదు.