ఫీజుల నెలలో లోన్ యాప్ తెరుస్తున్నారా? కాంటాక్ట్స్ మాత్రం ఇవ్వకండి

జూన్ వస్తోంది. స్కూల్ ఫీజులు, పుస్తకాలు, ఊళ్లలో విత్తనాలు, ఎరువులు అన్నీ ఒకేసారి మీద పడతాయి, ఫోన్ తెరిస్తే చాలు "అయిదు నిమిషాల్లో లోన్" ప్రకటనలు. మొన్న మళ్లీ పేపర్లో అదే వార్త, లోన్ యాప్ వాళ్లు మార్ఫింగ్ చేసిన ఫోటో బంధువులందరి వాట్సాప్‌లకీ వెళ్లిందని. వడ్డీ చూసుకోండి, ఓటీపీ చెప్పకండి లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

తీసుకునే ముందు

నాకు తెలిసినవాళ్ల కొంప ముంచింది ఒకే ఒక్క ఆలోచన: "ఇప్పటికి కాంటాక్ట్స్‌కి అలో కొట్టేద్దాం, డబ్బు పడ్డాక యాప్ తీసేద్దాంలే." యాప్ తీసేస్తే మీ ఫోన్‌లోంచి పోయేది యాప్ మాత్రమే. మీ నంబర్లన్నీ అలో కొట్టిన కాసేపటికే వాళ్ల సర్వర్‌కి ఎక్కేసి ఉంటాయి. మా బంధువు ఒకతను వారం గడువుతో అయిదు వేలు తీసుకున్నాడు, చేతికొచ్చింది మూడు వేలు. గడువు దాటగానే మొదటి ఫోన్ అతనికి రాలేదు, పాత మేనేజర్‌కి వెళ్లింది, తర్వాత వియ్యంకుడికి, ఆఖరికి గ్యాస్ బండ తెచ్చే అబ్బాయికి కూడా. 'పెద్దత్త', 'బావ ఆఫీస్' అని అతను సేవ్ చేసుకున్న పేర్లే వాళ్లకి వరసలన్నీ చెప్పేశాయి.

రూల్ ఏముంది

2020 డిసెంబర్‌లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులతో వరుస ఆత్మహత్యలు జరిగి, హైదరాబాద్‌లో వాళ్ల కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేశాక గానీ ఎవరూ కదల్లేదు. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫైల్స్ జోలికి పోకూడదని ఆర్‌బీఐ 2022 సెప్టెంబర్‌లో చెప్పింది. కెమెరా, మైక్, లొకేషన్ అయితే కేవైసీ (మీరెవరో రుజువు చూసుకోవడం) కోసం ఒక్కసారి, అదీ మీరు ఒప్పుకుంటేనే. ప్లే స్టోర్‌లో లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్, ఫోటోలు గూగుల్ బంద్ పెట్టింది 2023 మే 31 నుంచి. ఒక్క కంపెనీ ఒక్క రూల్ మారిస్తే మూసుకునే తలుపు అది, అన్నాళ్లు తెరిచే ఉంచారు. (మనల్ని ఎవరూ అడగలేదు, తెరిచినప్పుడూ మూసినప్పుడూ.)

కాబట్టి ఇప్పుడు ఏ లోన్ యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగిందంటే అక్కడికక్కడే బయటికొచ్చేయండి. "రిఫరెన్స్ కోసం" అన్నా సరే. ఒకటో రెండో నంబర్లు చేత్తో టైప్ చేస్తే సరిపోయేదానికి మొత్తం లిస్టు దేనికి?

ఇంకా కొన్ని, గుర్తొచ్చిన వరసలో:

- వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించే యాప్) ఇన్‌స్టాల్ చేయొద్దు. ప్లే స్టోర్ రూల్ దానికి అడ్డు రాదు.
- ప్లే స్టోర్‌లో ఉంది కదా అని కళ్లు మూసుకుని నమ్మొద్దు.
- అప్పిచ్చేది ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ)? పేరు లేదా, వద్దు. ఆర్‌బీఐ సైట్‌లో 2025 జులై నుంచి లోన్ యాప్‌ల జాబితా ఉంది. కంపెనీలు ఇచ్చుకున్న వివరాలే అవి, ఆర్‌బీఐ హామీ అనుకోకండి. అందులో కూడా లేని యాప్‌ని మాత్రం ముట్టుకోకండి.
- సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ (యాప్ మీ స్క్రీన్ చదివి, మీ బదులు నొక్కగలిగే అనుమతి) ఆన్ చేయమంటే చేయొద్దు.
- వాయిదా ఎవరో మనిషి యూపీఐకి పంపమంటే పంపొద్దు. అప్పిచ్చిన సంస్థ ఖాతాకే వెళ్లాలి.
- ఒక యాప్ బాకీకి ఇంకో యాప్‌లో అప్పు వద్దు. అక్కడా అదే అడుగుతారు, కాంటాక్ట్స్.
- సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి కాంటాక్ట్స్ నొక్కండి, ఇవాళే. టార్చ్ లైట్ యాప్‌కి మీ మేనత్త నంబర్ ఎందుకు?
- ఇంట్లో పిల్లల ఫోన్లూ చూడండి.
- రికవరీ ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు. చేస్తే టైమ్‌తో సహా స్క్రీన్‌షాట్ తీయండి.
- ఇప్పటికే అలో కొట్టేశారా? యాప్ తీసేయడానికి ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, మెసేజ్‌లు చెరపొద్దు. సిగ్గుపడి ఆలస్యం చేయకుండా మీ లిస్టులో ఉన్నవాళ్లకి మీరే ముందు మెసేజ్ పెట్టండి, "నా పేరుతో ఏదైనా వస్తే నమ్మకండి, ఎవరికీ డబ్బు పంపకండి" అని. తర్వాత సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.