ఫాయిల్ బోర్డు మీద తెడ్డు – పాఠం 4: ముందుకాలు

ఫాయిల్ బోర్డు అంటే అడుగున ఒక నిలువు కడ్డీ (మాస్ట్), దాని చివర నీటిలో మునిగి ఉండే రెక్క ఉన్న బోర్డు; ఆ కడ్డీ, రెక్క కలిపి ఫాయిల్. నిలబడి తెడ్డు వేస్తూ వేగం అందుకుంటే, రెక్క బోర్డును నీటిపైకి ఎత్తుతుంది. పోయిన పాఠంలో ‘వెనక కాలు కాస్త నొక్కితే బోర్డు లేస్తుంది’ అని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. తప్పు నాదే. నొక్కిన వాళ్లందరి బోర్డూ గుర్రంలా ముందుకాళ్లెత్తి, మనిషిని నీళ్లలోకి విసిరేసింది. ఒకరికి రెక్క అంచు తగిలి పిక్క గీరుకుపోయింది కూడా. కాబట్టి ఈసారి మలుపులు చెబుతానన్న మాట వాయిదా.

హెల్మెట్, లీష్ (మనిషికీ బోర్డుకూ కట్టే తాడు), ఛాతీలోతు నీళ్లు – ఇవి మళ్లీ చెప్పను.

అసలు జరిగేది ఇది. వేగం రెట్టింపైతే రెక్క ఎత్తే బలం నాలుగు రెట్లవుతుంది. పైగా బోర్డు అడుగు నీళ్లను వదిలిన క్షణంలో రాపిడి ఒక్కసారిగా తగ్గి, వేగం ఇంకా పెరుగుతుంది. అంటే మీరు కాలు కదపకపోయినా అది లేస్తూనే ఉంటుంది. రెక్క నీటిపైకి వచ్చిందా, గాలి చొరబడుతుంది, పట్టు పోతుంది, బోర్డు రాయిలా పడుతుంది.

ఇక్కడే నాకు ఒళ్లుమండే పొరపాటు ఉంది. మామూలు తెడ్డు బోర్డు మీద నాలుగేళ్లు అలలు ఎక్కినవాళ్లే దీన్ని ఎక్కువగా చేస్తారు. అల అందగానే ఒక అడుగు వెనక్కి వేసి, తెడ్డు వెనక నీళ్లలో ఆనించి, దాని మీద వాలుతారు. అక్కడ అది పనితనం. ఇక్కడ అదే కొంప ముంచుతుంది. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక వేస్తే ఏమవుతుంది? కాడి పైకి లేచి ఎద్దుల మెడ వదిలేస్తుంది. అంతే ఇది. భయం వేసినప్పుడు నడుం వెనక్కి పోతుంది, మీకు తెలియకుండానే. అందుకే తెడ్డును ఆనించొద్దు, రెండు చేతులతో ఛాతీ ముందు అడ్డంగా పట్టుకోండి. ముందు మోకాలు వంచండి. బొటనవేలి కింద బోర్డు నలుగుతున్నట్టు అనిపించాలి. చూపు పాదాల మీద కాదు, ఒడ్డు మీద. లేస్తున్నప్పుడు ముందుకాలే ఎక్కువ పని చేయాలి, వెనక కాలు ఊరికే ఉంటే చాలు.

ఇంత చేసినా బోర్డు ముక్కు లేస్తుంటే తప్పు మీది కాకపోవచ్చు. ఫాయిల్‌ను బోర్డు అడుగున దాన్ని బిగించే గాడిలో ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి. ఆ ఒక్క సెంటీమీటరుకే తేడా తెలిసిపోతుంది. నేనైతే కొత్తవాళ్లకు పెద్ద రెక్క, పొట్టి మాస్ట్ తప్ప ఇంకేదీ ఇవ్వను. పెద్ద రెక్క తక్కువ వేగంలోనే లేస్తుంది, కిందపడినా తీవ్రత తక్కువ. పాదాలకు పట్టీలు నాకు నచ్చవు, పడేటప్పుడు బోర్డు నుంచి దూరంగా దూకాలి కదా.

హవాయిలోని మాయీ దీవిలో 2016లో కై లెన్నీ అనే అలల క్రీడాకారుడు గాలివాటు కెరటాల మీద ఇలా ఎగిరినప్పుడు, చూసినవాళ్లంతా చేతిలో తెడ్డునే చూశారు. నేను అతని ముందు మోకాలే చూశాను.

సాధన: మోకాలెత్తు తెల్లనురుగు అలలు ఇరవై. మొదటి పదింటిలో బోర్డు లేవకూడదు, ముందుకాలితో నీటికి అదిమి ఉంచాలి. లేస్తే ఆ అల లెక్కలో లేదు, మళ్లీ మొదటి నుంచి. తరువాతి పదింటిలో జానెడు ఎత్తు లేచి, ఐదు లెక్కపెట్టి, మెల్లగా దింపాలి. బోర్డు చప్పుడు లేకుండా నీళ్లు తాకితేనే ఒకటి. నాకు ఇది పూర్తికావడానికి మూడు వారాలు పట్టింది.